ఆఖరి పంటు వెళ్ళిపోకముందే: టైముకి డ్యూటీ దిగడం ఎలా?

సాయంత్రం ఆరయింది. చేతిలో పని అయిపోయింది. బ్యాగు సర్దేశారు, టిఫిన్ క్యారేజీ కూడా అందులో పెట్టేశారు. అయినా కుర్చీలోంచి లేవడానికి ధైర్యం చాలడం లేదు. లోపలి గదిలో ఓనరు గారు ఇంకా ఫోన్లోనే ఉన్నారు. పక్క టేబుల్ ఆయన చూసిన ఫైలే మళ్ళీ చూస్తున్నాడు. ముందు ఎవరు లేస్తారా అని అందరూ అందరి వంకా చూస్తున్నారు. ఇలాంటి సాయంత్రాలు మీకు అలవాటైపోయి ఉంటే, ఈ నాలుగు మాటలు మీ కోసమే.

నేను పదకొండేళ్ళు నరసాపురంలో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాశాను. ఇల్లు అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి వైపు. పొద్దున్న పంటు (మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటి రావడం, సాయంత్రం పంటు మీదే తిరిగి వెళ్ళడం. మొదటి మూడేళ్ళు నేను ఒక్కరోజు కూడా ధైర్యంగా ఆరింటికి లేవలేదు.

ఒక రోజు సంగతి చెబుతాను. నెలాఖరు కాదు, లోడు కూడా లేదు. ఆరుకల్లా క్యాష్ కట్టేశాను. కానీ ఓనరు గారు గదిలోంచి బయటికి రాలేదు, మేమెవరం లేవలేదు. డే బుక్ పేజీలు ఊరికే తిప్పుతూ కూర్చున్నాను. ఆయన బయటికి వచ్చి "ఇంకా ఉన్నారా?" అనేసరికి చాలా ఆలస్యమైంది. రేవు దగ్గరికి పరుగెత్తాను. ఆఖరి పంటు అప్పటికే నది మధ్యలో ఉంది, దాని దీపాలు కనిపిస్తున్నాయి, ఇంజను చప్పుడు వినిపిస్తోంది. అవతలి రేవులో మా నాన్నగారు బండి వేసుకుని నిలబడి ఉన్నారు. ఇక చేసేదేముంది, బస్సెక్కి పాలకొల్లు, అక్కడినుంచి ఆటోలో చించినాడ వంతెన, వంతెన దాటాక మళ్ళీ ఇంకో ఆటో. ఎదురుగా కనిపించే ఊరికి చుట్టూ తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. లెక్కలు చెప్పించుకుందామని కూర్చున్న మా అబ్బాయి పుస్తకం మీదే తల పెట్టుకుని నిద్రపోయాడు.

మర్నాడు ఆఫీసులో ఎవరికీ నేను ఎప్పటిదాకా ఉన్నానో గుర్తు కూడా లేదు. నన్ను కదిలించింది అదే. ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు ఇది తప్పు కాదని మీకు మీరు ఒప్పుకోండి

దాళ్వాలో (రెండో వరి పంట కాలంలో) గోదావరికి నీరు తగ్గితే కాలువల మీద వంతులు పెడతారు, మీకు తెలుసు. ఎగువ రైతు తన వంతు అయ్యాక తూము దించకపోతే శివారు పొలం నెర్రెలిస్తుంది. పోనీ ఆ మిగులు నీటితో ఎగువ పొలంలో రెండింతలు పండుతుందా అంటే, అదీ లేదు. మన రోజుకి ఇంట్లోవాళ్ళు శివారు ఆయకట్టు. ఆఫీసు వంతు అయ్యాక కూడా తూము ఎత్తే ఉంచితే అక్కడ పెరిగేది ఏమీ ఉండదు, ఇక్కడ మాత్రం ఎండిపోతుంది.

ఒంటి సంగతి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం బయటపెట్టాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువని, గుండెకు రక్తం సరిగా అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. రోజుకు తొమ్మిదిన్నర గంటలు చొప్పున ఆరు రోజులు చేస్తే 57 అవుతుంది. మన పక్క షాపుల్లో, ఆఫీసుల్లో చాలామంది చేస్తున్నది అదే.

2. మీ గంటలు ఎన్నో లెక్క కట్టుకోండి

అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే తీసి చదవండి. లేకపోతే చేరేటప్పుడు నోటితో ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసుకోండి. తొమ్మిది నుంచి ఆరు, మధ్యలో గంట భోజనం, ఆరు రోజులు అంటే సరిగ్గా 48 గంటలు. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చినప్పటి నుంచీ వారానికి పరిమితి ఇదే. దుకాణాలకు, ప్రైవేటు ఆఫీసులకు మన ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. అందులోనూ వారానికి 48 గంటలే.

2025లో మన రాష్ట్ర ప్రభుత్వం రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని సవరణలు తెచ్చింది. అది విని ఇక ఆరు రోజులూ పదేసి గంటలే అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వారం పరిమితి మారలేదు, 48 దగ్గరే ఉంది. దాన్ని దాటితే ఓవర్‌టైమ్, దానికి మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి. 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో (కొత్త కార్మిక చట్టాలలో) కూడా ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఉంది, అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అని కూడా ఉంది. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ళకు వీటిలో కొన్ని వర్తించవు, మీ హోదా ఏమిటో చూసుకోండి.

ఇదంతా పట్టుకెళ్ళి ఓనరు గారి ముందు చదవమని చెప్పడం లేదు. లెక్క మీకు తెలిస్తే చాలు, లేచేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టు అనిపించదు.

3. మీ ఆఖరి పంటు ఏదో తేల్చుకోండి

నాకు పంటు ఉంది కాబట్టి టైము నది చెప్పింది. మీకు ఏముంది? అంబాజీపేట వైపు ఆఖరి షేర్ ఆటోనా, రావులపాలెంలో మారాల్సిన బస్సా, భీమవరం నుంచి ప్యాసింజరా, పాప ట్యూషన్ వదిలే టైమా? ఏదీ లేకపోతే మీరే ఒక టైము పెట్టుకోండి. ఆరుంబావు అంటే ఆరుంబావే. గడియారంలో ఒక గుర్తు లేకపోతే "ఇంకో పది నిమిషాలు" అంటూనే ఎనిమిదవుతుంది.

ఇక్కడ ఒక తప్పు చేయకండి. నేను చేశాను. వెళ్ళడానికి కారణాలు కల్పించకండి. అత్తగారికి ఒంట్లో బాగాలేదని, ఇంటికి చుట్టాలు వచ్చారని ఎన్నిసార్లు చెబుతారు? మూడో వారానికి కారణాలు అయిపోతాయి, మాట మీద నమ్మకం పోతుంది. పైగా కారణం ఉంటేనే వెళ్ళాలన్న లెక్క మీరే ఒప్పుకున్నట్టవుతుంది. టైము అయింది అన్నదే కారణం.

4. ఐదింటి నుంచే కట్టుకుంటూ రండి

అసలు కిటుకంతా ఈ గంటలోనే ఉంది. టైముకి లేవలేకపోవడానికి సగం కారణం సిగ్గు, మిగతా సగం టేబుల్ మీద తెరిచి ఉన్న పని. సిగ్గు సంగతి తర్వాత చూద్దాం, టేబుల్ సంగతి మన చేతుల్లో ఉంది.

మా దగ్గర సరిగ్గా ఐదూ యాభై ఐదుకి గదిలోంచి కేక వచ్చేది. "అమ్మా, ఒక్క లోడు బిల్లు కొట్టేసి వెళ్ళు." లోడు అంటే బిల్లు, రైతు ఖాతాలో అప్పు రాయడం, డ్రైవరుకి కాపీలు ఇవ్వడం. నలభై నిమిషాలు పోతుంది. ఆయన్ని చాలాకాలం మనసులో తిట్టుకున్నాను. తర్వాత గమనించాను. ఆ లోడు వెళ్తుందని డ్రైవరుకి మధ్యాహ్నం మూడింటికే తెలుసు. మేత కావాలని రైతు పొద్దున్నే ఫోన్ చేసి ఉంటాడు. తెలియనిది నాకొక్కదానికే. నేను అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదవగానే గది గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒకటే అడిగేదాన్ని: "ఇవాళ ఇంకేమైనా లోడు ఉందాండీ? ఇప్పుడే బిల్లు కొట్టేస్తాను." ఆయన ఆలోచించేవారు, డ్రైవరుకి ఫోన్ చేసేవారు, "ఆఁ, కాళ్ళ ఊరికి ముప్ఫై బస్తాలు వెళ్ళాలి" అనేవారు. కాళ్ళ బిల్లు ఐదున్నరకి అయిపోయేది. చివరి నిమిషం కేకలు పూర్తిగా పోలేదు గానీ, వారానికి ఐదు ఉండేవి ఒకటికి వచ్చాయి.

ఐదున్నరకి క్యాష్. నోట్లు రకాలవారీగా లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పైన చీటీ పెట్టి, డే బుక్‌తో సరిచూడటం. తేడా వస్తే ఐదున్నరకి వెతకొచ్చు. ఆరుకి వెతికితే పంటు పోతుంది.

ఐదూ నలభై ఐదుకి ఒక చీటీ రాయండి. ఇది మాత్రం ఒక్కరోజు కూడా మానకండి. నా చీటీలు ఇలా ఉండేవి:

"కాళ్ళ లోడు బిల్లు అయింది, కాపీ నీలం ఫైల్లో ఉంది.
మొగల్తూరు రైతుగారి బాకీ లెక్క సగం అయింది, రేపు పదిలోపు ఇస్తాను.
బీరువా తాళం ఎడమ సొరుగులో."

మూడు లైన్లు. ఏది అయింది, ఏది కాలేదు, ఏది ఎక్కడుంది. దాన్ని ఓనరు గారి టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద పెట్టేదాన్ని. మీరైతే వాట్సాప్‌లో పంపండి. ఈ చీటీ మొదలుపెట్టాక రాత్రి తొమ్మిదింటి ఫోన్లు ఆగిపోయాయి. ఆయన ఫోన్ చేసేది కోపంతో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. తాళం ఎక్కడుందో తెలియక చేసేవారు, అంతే.

చివరి గంటలో కొత్త పని తెరవకండి. బాకీల పుస్తకం ఐదున్నరకి తెరిస్తే ఏడింటికి గానీ మూయలేరు. చిన్న పనులు, సంతకాలు, ఫైళ్ళు సర్దడం ఆ గంటకి అట్టేపెట్టుకోండి.

5. ఒక్కసారి నోరు విప్పి చెప్పండి

రోజూ సాయంత్రం తలవంచుకుని జారుకోవడం కన్నా ఒక్కసారి ఎదురుగా చెప్పడం మేలు. సాయంత్రం చెప్పకండి, అలసటలో మాట మాట పెరుగుతుంది. జీతాల రోజు అసలు వద్దు. పొద్దున్న దేవుడికి అగరొత్తులు వెలిగించి, మొదటి కాఫీ తాగి, పేపరు తిరగేసే వేళ మంచిది.

నేను అన్న మాటలివి: "అండీ, ఒక మాట చెప్పాలండి. నేను పొద్దున్న తొమ్మిదికల్లా వచ్చేస్తాను. సాయంత్రం ఆరుకి బయలుదేరతానండి, పంటు దొరకడం లేదు. నెలాఖరున, జీఎస్టీ తేదీల్లో పని ఉంటే ముందురోజు చెప్పండి, ఉంటాను."

మూడు రోజులు అద్దం ముందు అనుకుని వెళ్ళాను. ఆయన పేపరు దించి, "దానికేముందమ్మా, నిన్ను ఎవరు ఆపారు?" అన్నారు.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. మూడేళ్ళు ఎవరూ అడగని కాపలా కాశాను. మీ విషయంలోనూ ఇలాగే ఉండే అవకాశం చాలా ఉంది, అడిగి చూడండి.

అందరు ఓనర్లూ అలా అనరు, అదీ తెలుసు. "ఇక్కడ టైము చూసుకుని పనిచేసేవాళ్ళు వద్దు" అనేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు వాదన పెట్టుకోకండి. "సరేనండి, ఆరు తర్వాత ఏ పని ఉంటుందో చెప్పండి, దాన్ని పగలే అయ్యేట్టు చూస్తాను" అనండి. పని పేరు చెప్పగలిగితే దానికి దారి దొరుకుతుంది. చెప్పలేకపోతే, ఆయనకు కావాల్సింది పని కాదని, మీరు కూర్చుని కనిపించడమని మీకు అర్థమవుతుంది. అలాంటి చోట ఎన్నాళ్ళు ఉండాలో మీ ఇంటి ఖర్చులు, బయట దొరికే ఉద్యోగాలు చూసి నిర్ణయించుకోవాలి. తొందరపడి మానేయమని నేను చెప్పను. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

ఇంకొకటి. ఆరింటికి వెళ్ళాలంటే తొమ్మిదింటికి రావాలి. తొమ్మిదింపావుకి వచ్చి ఆరుకి లేచేవాళ్ళ మాట నిలబడదు.

6. లేచేటప్పుడు లేవండి

మన గోదావరి జిల్లాల్లో వెటకారానికి కొదవా? మొదటి వారం తప్పకుండా పడుతుంది. "ఏమండోయ్, కలెక్టరు గారు బయలుదేరిపోతున్నారు!" "ఈవేళ ఒంటిపూట బడా?" దీన్ని మనసుకి తీసుకోకండి. అనేవాళ్ళకూ ఇంటికి వెళ్ళాలనే ఉంటుంది, మీరు ముందు లేచారని ఉడుకు. నవ్వి, "ఆయ్, పంటు నాకోసం ఆగదు కదండీ, పొద్దున్నే కలుద్దాం" అనేదాన్ని. అంతకు మించి ఒక్క ముక్క వివరణ వద్దు. సారీ అసలే చెప్పకండి, తప్పు చేసినవాళ్ళు చెప్పే మాట అది.

ఓనరు గారు ఫోన్లో ఉంటే ఫోన్ అయ్యేదాకా నిలబడక్కర్లేదు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం కనిపించి, "వెళ్ళొస్తానండి" అన్నట్టు తల ఊపి బయలుదేరండి. మూడో వారానికి ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఆ తర్వాత పక్క టేబుల్ ఆయన కూడా మీతోపాటే చెప్పులు వేసుకుంటాడు.

7. ఉండాల్సిన రోజుల్లో ఉండండి

రొయ్యల పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అర్ధరాత్రి జరిగితే అర్ధరాత్రే లెక్క రాయాలి. సరుకు ఐసు మీద ఉంది, పొద్దున్నదాకా ఆగదు. ధాన్యం మిల్లులో కోతల రోజులు అంతే. మార్చి 31 సంగతి చెప్పక్కర్లేదు. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేచోట 11, 20 తేదీలు ఉంటాయి. ఇవన్నీ ముందే తెలిసిన రోజులు. ఏడాది మొదట్లోనే క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఇంట్లో చెప్పి, తిరిగి వెళ్ళడానికి బండి ఏర్పాటు చేసుకోండి. ఆ రోజుల్లో గడియారం చూడకండి, మనస్ఫూర్తిగా చేయండి. ఆ పది పదిహేను రోజులు మీరు నిలబడ్డారన్నది గుర్తుంటుంది. ఊరికే కూర్చున్న మిగతా రోజులు ఎవరికీ గుర్తుండవు.

గోదావరికి వరద వచ్చి పంటు ఆపేసిన రోజుల్లో నేను నాలుగింటికే లేచేదాన్ని, చించినాడ చుట్టూ తిరగాలి కాబట్టి. ఎర్ర సున్నా రోజుల్లో ఉన్నదాన్ని కాబట్టి ఎవరూ ఒక్క మాట అనలేదు.

8. మీ పని తీరు వేరైతే

నర్సులు, సెక్యూరిటీ, బంకులో పనిచేసేవాళ్ళు రిలీవర్ రాకుండా కదలకూడదు. కదలకండి. అయితే రిలీవర్ ఎన్నింటికి వచ్చారో రిజిస్టరులో రాయించండి. రోజూ అరగంట ఆలస్యమైతే నెలకి పదమూడు గంటలు, కాగితం మీద కనిపిస్తేనే మాట్లాడగలరు.

రొయ్యల ప్లాంటులో పనిచేసే అక్కాచెల్లెళ్ళకు వ్యాను కదిలితేనే ఇల్లు. అక్కడ ఒక్కరు లేస్తే లాభం లేదు. వ్యాను టైము గురించి పదిమంది కలిసి సూపర్‌వైజరుతో మాట్లాడండి.

అమలాపురంలోనో కాకినాడలోనో ఇంట్లో కూర్చుని హైదరాబాదు, అమెరికా కంపెనీలకు పనిచేసే పిల్లలకు అసలు గేటే లేదు. మా చెల్లెలి కొడుకు అదే చేస్తాడు. భోజనం కంచం పక్కన ల్యాప్‌టాప్, చేతిలో ముద్ద ఉండగానే కాల్. వాడికి నేను చెప్పింది ఇది: పనికి ఒక కుర్చీ పెట్టుకో, ఇంకెక్కడా ల్యాప్‌టాప్ తెరవకు. టైము అవగానే రేపటి పని మూడు లైన్లు రాసి టీమ్‌కి పంపి, మూత వేసి, చెప్పులు వేసుకుని కాలువ గట్టు దాకా నడిచిరా. ఇంటి నుంచి ఇంటికే అయినా ఒకసారి బయటికి వెళ్ళి రావాలి, అప్పుడే డ్యూటీ దిగినట్టు ఉంటుంది. రాత్రి కాల్స్ తప్పనిసరైతే పొద్దున్న ఆలస్యంగా మొదలుపెడతానని మేనేజర్‌తో ముందే మాట్లాడుకోవాలి. వాడు మాట్లాడాడు, ఇప్పుడు పదకొండుకి మొదలుపెడుతున్నాడు.

9. అన్నీ చేసినా వదలకపోతే

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఎందుకు ఉన్నారో రెండు ముక్కలు. మూడు నెలలు రాయండి. దాన్ని చూపించి ఓవర్‌టైమ్ గురించి అడగొచ్చు. ఇవ్వకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళొచ్చు, ఆ హక్కు మీకుంది. చిన్న ఊళ్ళలో ఓనరు గారు మన నాన్నగారికి తెలిసినవాళ్ళే అయి ఉంటారు, ఫిర్యాదు అంత తేలిక కాదు. అందుకే దీన్ని చివర పెట్టాను. కానీ పుస్తకం మాత్రం ఇవాళే మొదలుపెట్టండి, దానివల్ల నష్టం లేదు.

10. రేపు మీరు పెద్దవాళ్ళైతే

ఇప్పుడు నేను వేరే చోట పనిచేస్తున్నాను, నా కింద నలుగురు ఉన్నారు. ఆరుకి నాకు ఇంకా పని ఉన్నా సరే, గదిలోంచి బయటికి వచ్చి లైటు ఒకటి ఆర్పుతాను. "ఇక బయలుదేరండమ్మా" అని నోటితో అంటాను. మనం అనకపోతే వాళ్ళు లేవరు. మీరూ ఆ కుర్చీలోకి వస్తే, ఆరు దాటాక ఎవరైనా మీ తలుపు వంక చూస్తూ కూర్చుంటే, వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి.